కార్పెట్ సాహెబు

హిమాలయ పర్వతములు మైదానమును కలియుచోట, నేటి ఉత్తరాఖండ రాష్ట్రమున, కుమాయూన్ అను కొండసీమ కలదు. ఆ సీమలో ఊరికిని అడవికిని నడుమ గట్టి హద్దు లేదు. ఇంటి వెనుక నాలుగు మడిచెక్కలు, మడుల అంచున పొదలు, పొదల వెనుక మహారణ్యము. రాత్రివేళ దుప్పులు పైరులోనికి దిగును. అడవిపందులు నేలను పెల్లగించి గడ్డలను తినును. ముండ్లపందులు పంటను కొరికి పాడుచేయును. దుప్పులను, పందులను వేటాడుచు చిరుతపులియు, ఒక్కొక్కప్పుడు పెద్దపులియు పెరటిదాక వచ్చును. అట్టి సీమలో పుట్టి, డెబ్బదిరెండేండ్లపాటు ఆ కొండలనే తన ఇల్లుగా భావించినవాడు జిమ్ కార్బెట్టు. కొండజనులకు ఆ పేరు నోరు తిరుగక, వారాతనిని కార్పెట్ సాహెబు అని పిలుచుచుండిరి.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్టు 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన నైనితాల్ పట్టణమున జన్మించెను. ఆతని పూర్వులు ఐర్లండు దేశమునుండి వచ్చినవారు. తండ్రి క్రిస్టఫర్ విలియమ్ కార్బెట్టు నైనితాల్‌లో పోస్టుమాస్టరు. తల్లి పేరు మేరీ జేన్. పిల్లలు పెక్కుమంది, వారిలో జిమ్ చిన్నవారి వరుసలోనివాడు. ఆతని పసితనముననే తండ్రి మరణించెను. తల్లి ఒక్కతెయే గంపెడు సంసారమును ఓర్పుతో నెట్టుకొని వచ్చెను. వేసవిలో వారు నైనితాల్‌లో నివసించి, చలికాలము రాగానే కొండ దిగి, అడవి యంచున నున్న కాలాఢుంగీ గ్రామమునకు పోవుచుండిరి.

ఆ అడవియే బాలునకు నిజమైన బడి. మొదట ఉండేలు, తరువాత విల్లమ్ములు, కొంచెము పెద్దవాడగుసరికి మూతినుండి మందు దట్టించి పేల్చెడి పాతకాలపు తుపాకి ఆతని చేతికి వచ్చెను. ఆ తుపాకికి రెండు గొట్టములుండెను గాని, వానిలో ఒకటి చీలిపోయి పనికిరాకుండెను. అయినను దానిని మోసికొని పోవునప్పుడు ఆ బాలునకు తానొక రాజు ననిపించెడిది. కాలాఢుంగీలో కున్వర్ సింగ్ అను వేటగాడు ఆతనికి మిత్రుడును గురువును ఆయెను. దారి తప్పక అడవిలో నడచుట, గాలి వాలు గుర్తించుట, అడుగుజాడలను చదువుట బాలుడు నేర్చుకొనెను. ఇసుకలో పడిన జాడను చూచి, ఆ పులి ఆడుదో మగదో, మెల్లగా నడచెనో తొందరపడెనో, జాడ పడి ఎంతసేపైనదో చెప్పగలవాడయ్యెను.

అంతకంటె విలువైన విద్య మరొకటి కలదు. అడవిలో పులి నడచునప్పుడు అది చప్పుడు చేయదు. కాని తక్కిన ప్రాణులు ఊరకుండవు. చెట్టుకొమ్మపై కూర్చున్న కొండముచ్చు హెచ్చరికగా దగ్గును. దుప్పి కూయును. నెమలి అరచి ఎగిరిపోవును. ఏ కూత ఏ దిక్కునుండి వచ్చెను, తరువాతి కూత దానికెంత దూరమున వినబడెను అని గమనించువానికి, కంటికి కనబడని పులి యే దారిన పోవుచున్నదో తెలిసిపోవును. కార్బెట్టు ఈ కూతలన్నిటిని వేరువేరుగా గుర్తించుటయే గాక, వానిని తన గొంతుతో పలికి ఆ ప్రాణులనే మోసగింపగలిగెను. ఈ విద్య ముందుముందు ఆతని ప్రాణమును పలుమారులు కాపాడెను.

ఒకనాడు ఆ బాలుడు చిరిగిన బట్టలతో, పాత తుపాకితో, పొదక్రింద మేయుచున్న అడవికోళ్ళను కొట్టవలెనని ప్రాకుచు పోవుచుండెను. ఇంతలో ఆ పొద కదలి, దాని ఆవలి ప్రక్కనుండి ఒక పెద్దపులి బయటికి వచ్చెను. అది వెనుకకు తిరిగి, ఈ పిల్లవాడెవడు, ఇచ్చట వానికేమి పని అని ప్రశ్నించుచున్నట్లు ఒక్క క్షణము ఆతనిని చూచి, మరల తిరిగి చూడక మెల్లగా నడచి వెళ్ళిపోయెను. పులి తనంతట తాను మనుష్యుని జోలికి రాదని కార్బెట్టునకు ఆనాడే తెలిసెను. పెద్దవాడై పులులను గూర్చి వ్రాసినప్పుడును ఆతడా పిల్లనాటి సంగతిని మరువలేదు.

చదువు ముగిసిన పిమ్మట కుటుంబమునకు తోడ్పడుటకై ఆతడు రైల్వే కొలువులో చేరెను. కొంతకాలమునకు గంగానది యొడ్డున మొకామా ఘాట్ అనుచోట సరకులను ఒక రైలుమార్గము నుండి మరియొక మార్గమునకు చేర్చు పని ఆతనికి గుత్తకు లభించెను. అచ్చట ఇరువదేండ్లకు పైగా కూలీలతో కలిసి పనిచేసెను. వారి పిల్లలకై అచ్చట ఒక చిన్న బడి పెట్టుటలోను ఆతనిది ముఖ్యమైన పాత్ర. సెలవు దొరకినప్పుడెల్ల కాలాఢుంగీకి పోవుచుండెను. ఆతడు వివాహమాడలేదు. అక్క మ్యాగీయు అవివాహితయే. ఆమె జీవితాంతము ఆతనికి తోడుగా నుండెను.

1907వ సంవత్సరమున కార్బెట్టు జీవితమున పెద్ద మలుపు వచ్చెను. నేపాళ దేశమున రెండువందల మందిని పొట్టన పెట్టుకొనిన ఒక ఆడుపులిని అచ్చటి సాయుధులు తరుమగా, అది సరిహద్దు దాటి కుమాయూన్‌లో ప్రవేశించెను. ఇచ్చట నాలుగేండ్లు అది నిర్భయముగా సంచరించెను. ప్రభుత్వము బహుమానము ప్రకటించెను, వేటగాండ్రను పంపెను, ఫలితము లేకపోయెను. తుదకు అధికారులు కార్బెట్టును కోరిరి. ఆతడు రెండు నియమములు పెట్టెను. ప్రకటించిన బహుమానమును రద్దు చేయవలెను. తక్కిన వేటగాండ్రనందరిని అడవినుండి వెనుకకు పిలువవలెను. డబ్బు కొరకు పులిని చంపువాడను పేరు ఆతనికి అక్కరలేదు. పదిమంది తుపాకులతో తిరుగు పొదలలో ఒకరి గుండు మరియొకరికి తగులుటయు వింత కాదు. ఈ రెండవ కారణమునందు ఆతని వివేకము కనబడుచున్నది.

ఆతడు మొదట పాలీ అను కొండపల్లెకు పోయెను. అంతకు అయిదు దినములకు ముందు ఆ ఊరి స్త్రీ నొకతెను పులి ఎత్తుకొని పోయెను. నాటినుండి ఊరివారు తలుపులు బిగించుకొని లోపలనే యుండిరి. నీటికి పోవుటకును ధైర్యము చాలలేదు. వాకిళ్ళు దుర్గంధముతో నిండియుండెను. చేలలో గోధుమ పైరు పండి కోతకు సిద్ధముగా నుండెను గాని కోయువారు లేరు. కార్బెట్టు మొదటి రాత్రి ఊరి వెలుపల ఒక చెట్టునకు వీపు ఆనించి కూర్చుండెను. వెన్నెలలో ప్రతి నీడయు పులివలెనే కనబడెను. తాను ఆ రాత్రి వణకిపోతినని ఆతడు తరువాత దాచక చెప్పుకొనెను. మరునాడు ఆతడు తుపాకితో కావలి కాయగా, ఊరిలోని ఆడువారు, మగవారు, పిల్లలు అందరు వెలుపలికి వచ్చి పైరు కోసికొనిరి. ఆతడు పులిని చంపగలడో లేడో వారికింకను తెలియదు. పంట మాత్రము ఇల్లు చేరెను.

పులి అచ్చటినుండి చంపావత్ వైపు పోయెను. కార్బెట్టు అచ్చటికి చేరిన కొలది కాలమునకే అది పదునారు పదునేడేండ్ల బాలిక నొకతెను చంపి ఒక లోయలోనికి ఈడ్చుకొనిపోయెను. మరునాడు చంపావత్ తహసీల్దారు చుట్టుప్రక్కల ఊళ్ళనుండి 298 మందిని కూడగట్టెను. కొందరు డప్పులు, కొందరు గొడ్డళ్ళు, కొందరు అనుమతి లేని తుపాకులు పట్టుకొని వచ్చిరి. తహసీల్దారు ఆ తుపాకులను చూచియు చూడనట్లుండెను. వారు కొండమీదినుండి కేకలు వేయుచు, రాళ్ళు దొర్లించుచు పులిని క్రిందికి తరిమిరి. కార్బెట్టు వద్దనున్న మూడు తూటాలు అయిపోయెను. పులి గాయపడెను గాని పడలేదు. ఆతడు పరుగెత్తి తహసీల్దారు చేతిలోని తుపాకిని లాగికొని, ఇరువది అడుగుల దూరమునుండి కాల్చెను. ఆ పాత తుపాకి గుండు గురి తప్పి, నోటికి బదులు పాదమునకు తగిలెను. అయినను ముందు తగిలిన గాయములచేత ఆ ఆడుపులి అప్పటికే ప్రాణము విడుచుచుండెను. దాని లెక్కలో పోయిన ప్రాణములు మొత్తము 436.

జనులు సంతోషముతో కేకలు వేయుచుండగా, కార్బెట్టు పులి నోరు తెరచి చూచెను. కుడివైపున పై కోర సగము విరిగియుండెను. క్రింది కోర ఎముకదాక పోయెను. అవి ఎన్నడో తగిలిన తుపాకిగుండుచేత విరిగినవి. అట్టి నోటితో దుప్పిని పట్టి నిలుపుట పులికి సాధ్యము కాదు. అంతకు ముందెవడో ఒక వేటగాడు దానిని కాల్చి, గాయపరచి, వెదకి చంపక వదలి తన దారిన పోయెను. ఆతని పేరు ఎవరికిని తెలియదు. ఆతని నిర్లక్ష్యమునకు వెల చెల్లించినవారు ఆ కొండపల్లెల వారు.

తిరిగి వచ్చు దారిలో మరియొక సంగతి జరిగెను. అంతకు ఏడాదికి ముందు అక్కచెల్లెండ్రిద్దరు గడ్డి కోయుచుండగా, ఈ పులి అక్కను ఎత్తుకొనిపోయెను. చెల్లెలు కొడవలి పట్టుకొని, అక్కను విడిచి తనను తినుమని అరచుచు, దాని వెంట పరుగెత్తెను. పులి ఆగి గర్జించెను. అంతటితో ఆ చెల్లెలికి మాట పోయెను. ఏడాదిపాటు ఆమె మూగదైయుండెను. కార్బెట్టు దారి మళ్ళించుకొని ఆ ఊరికి పోయి, పులిచర్మమును ఆమె యింటిముందు పరచెను. ఆమె దానిని చూచి, ఊరివారినందరిని రమ్మని కేకలు వేయుచు వీథివెంట పరుగెత్తెను. పోయిన మాట ఆమెకు తిరిగి వచ్చెను.

ఆ తరువాత ముప్పదేండ్లకు పైగా, ఎచ్చట మనుష్యభక్షకి బయలుదేరినను కార్బెట్టునకు పిలుపు వచ్చుచుండెను. ప్రతి పులిని చంపిన పిదప ఆతడు దాని కళేబరమును శ్రద్ధగా పరీక్షించెడివాడు. ఈ మృగము ఇంటి గడప కేల వచ్చెను అనునదే ఆతని ప్రశ్న. పదింట తొమ్మిది పులులు గాయములచేతను, మిగిలిన ఒకటి ముసలితనముచేతను అట్లు మారునని ఆతడు నిశ్చయించెను.

ముక్తేశ్వర్ పులి సంగతి చూడుడు. అది వయసులోనున్న ఆడుపులి. ఒకనాడది ముండ్లపందితో పోరి ఒక కన్ను పోగొట్టుకొనెను. ఏబది ముండ్లు దాని ముంగాలిలోను పాదములోను దిగి విరిగిపోయెను. కొన్ని ముండ్లు తొమ్మిది అంగుళముల పొడవుండెను. పుండ్లు పడి, ఆకలితో, అది గడ్డిలో పడియుండెను. ఒక స్త్రీ తన పశువులకు గడ్డి కోయుచు, తెలియక దాని దగ్గరకే వచ్చెను. పులి మొదట కదలలేదు. ఆమె మరీ దగ్గరకు రాగా ఒక్క దెబ్బ కొట్టెను, ఆమె చనిపోయెను. ఆ శవమును అది తినలేదు. మెల్లగా కుంటుచు దూరముగా పోయి పడియుండెను. అచ్చటికి ఒక కట్టెలవాడు వచ్చెను. ఈసారి ఆకలి మీరియుండుటచే అది వానిని చంపి కొంత తినెను. మూడవసారి అది కావలెననియే చంపెను. చేజిక్కునాటికి దానికి బలియైనవారు ఇరువదినలుగురు. అంత ఘోరమునకు మొదలు ఒక ముండ్లపంది.

రుద్రప్రయాగ చిరుత కథ ఇంతకంటె భయంకరమైనది. మందాకినీ అలకనందల సంగమమున నున్న రుద్రప్రయాగ మీదుగా కేదారనాథ, బదరీనాథ క్షేత్రములకు యాత్రికులు పోవుదురు. 1918వ సంవత్సరమున దేశమంతట విషజ్వరము వ్యాపించి లక్షలకొలది జనులు మరణించిరి. ఆ కొండలలో శవములను దహనము చేయుటకు మనుష్యులే కరవైరి. శవము నోటిలో ఒక నిప్పుకణిక నుంచి, కొండ యంచునకు మోసికొనిపోయి లోయలోనికి త్రోసివేయుట తప్పనిసరి యయ్యెను. ఆ శవములను తిని ఒక చిరుత నరమాంసమునకు అలవాటు పడెనని కార్బెట్టు తలచెను. జ్వరము తగ్గెను, శవములు వచ్చుట ఆగెను, చిరుత ఊళ్ళమీదికి వచ్చెను.

మనుష్యభక్షకియైన పెద్దపులి పగలు వేటాడును; మనుష్యభక్షకియైన చిరుత రాత్రి వచ్చును. అందుచేత ఎనిమిదేండ్లపాటు ఆ సీమలో ప్రొద్దు క్రుంకిన పిదప తలుపు తీసినవాడు లేడు. ఒక రాత్రి ఇద్దరు స్నేహితులు గదిలో కూర్చుండి హుక్కా త్రాగుచుండిరి. ఒకని చేతినుండి హుక్కా జారి నిప్పులు చెదరెను. రెండవవాడు నిప్పులు ఎత్తుటకు వంగి చూచునప్పటికి, తన స్నేహితుని చిరుత నోట కరచుకొని వాకిలి దాటుచుండెను. ఏ చప్పుడును కాలేదు. మరియొక ఊరిలో తల్లిదండ్రులు లేని పదునాలుగేండ్ల బాలుడు నలుబది మేకలతోపాటు ఒక గదిలో నిద్రించుచుండెను. చిరుత తలుపు త్రోసికొని వచ్చి, మేకల నడుమనుండి పోయి బాలుని చంపెను. మేకలకు గీతయైనను పడలేదు. ప్రభుత్వపు లెక్క ప్రకారము ఆ చిరుత వాతపడినవారు 125 మంది. విషము పెట్టిరి, బోనులు, ఉచ్చులు పన్నిరి, అది అన్నిటిని తప్పించుకొనెను.

కార్బెట్టు 1925వ సంవత్సరపు శరత్కాలమున వచ్చునప్పటికి ఆతనికి ఏబదియేండ్లు. చిరుత నది దాటవలెనన్న వ్రేలాడు వంతెనయే దారి యని ఎరిగి, ఆతడు వంతెన స్తంభముపై ఎక్కి ఇరువది రాత్రులు చలిగాలిలో కూర్చుండెను. చిరుత రాలేదు. అలసి ఇల్లు చేరి, మరల 1926 వసంతమున తిరిగి వచ్చెను. గులాబ్‌రాయ్ అనుచోట యాత్రికుల చావడి ప్రక్కన ఒక మామిడిచెట్టు కలదు. ఆ చెట్టుమీద మంచె కట్టుకొని, క్రింద మెడలో గంట కట్టిన మేకను ఉంచి, పది రాత్రులు కాచెను. పదునొకండవ రాత్రి, మే నెల ఆరంభమున, గంట మ్రోగెను. ఆతడు చేతిదీపము నొక్కి, వెలుతురులో కనబడిన భుజమును గురిచూచి కాల్చెను. దీపము వెంటనే ఆరిపోయెను. గుండు తగిలినదో లేదో తెలియక, ఆతడు చీకటిలోనే కూర్చుండవలసి వచ్చెను. తెల్లవారిన పిమ్మట చూడగా, కొన్ని గజముల దూరమున, గుంటలో చిరుత చచ్చిపడియుండెను. ముసలిది, మూతి నెరిసియుండెను. అది ప్రకృతి ధర్మమును మీరలేదనియు, అది చేసిన నేరము మనుష్యుని విషయముననే యనియు కార్బెట్టునకు ఆ క్షణమున తోచెను. బిడ్డలను పోగొట్టుకొనిన తల్లులు అట్లు తలపలేరు. వారు వచ్చి ఆతని పాదములపై పూలు చల్లిరి.

పులులను చంపినవాడుగా ఆతనికి కీర్తి వచ్చెను గాని, ఛోటీ హల్ద్వానీలో చేసిన పనిని గూర్చి తెలిసినవారు తక్కువ. కాలాఢుంగీ చెంత పాడుపడిన భూమిని ఆతడు 1915వ సంవత్సరమున కొని, పొదలు కొట్టించి, పేదకుటుంబములను తెచ్చి ఊరు నిలిపెను. చుట్టును అడవి. రైతు ఆరునెలలు చెమటోడ్చి పెంచిన పైరును పందుల మంద ఒక్క రాత్రిలో నాశనము చేయును. ముండ్లకంచె వేసినచో ఏడాదికి చెదలు పట్టి కూలును. పంది ఎచ్చట సందు కలదో వెదకి దూరును. రైతులు చలిలో మంచెలమీద రాత్రులు గడిపి, పగలు పనిచేయలేక అలసిపోవుచుండిరి. పందులనన్నిటిని చంపుట జరుగు పని కాదు. పంది, దుప్పి లేని అడవిలో పులికి ఆహారము లేదు. ఆహారము లేని పులి ఊరి పశువులమీద పడును. ఈ లెక్క కార్బెట్టు బాగుగా ఎరుగును. కావున ఆతడు తన సొమ్ము ఖర్చుచేసి ఊరిచుట్టు మైళ్ళ పొడవున రాతిగోడ కట్టించెను. పైరు గోడకు లోపల, మృగములు గోడకు వెలుపల. గోడ దూకి వచ్చు వానిని బెదరించుటకు ఊరి కొక తుపాకి యిచ్చెను. పులిని కొట్టుట ఒక దినపు పని. గోడ పెక్కేండ్ల పని. ఊరివారికి ఏది ఎక్కువ మేలు చేసెనో చెప్పుట కష్టము కాదు.

ఆతడు దోషము లేనివాడని చెప్పరాదు. ఆ కాలపు దొరలవలెనే ఆతడును యౌవనమున వేడుకకై వేటాడెను. పవల్‌గఢ్ అడవిలో తిరుగు ఒక గొప్ప మగపులి మనుష్యుల జోలికి ఎన్నడును పోలేదు. దాని పరిమాణమును చూచి వేటగాండ్రందరు ఆశపడుచుండిరి. 1930వ సంవత్సరమున కార్బెట్టు దానిని కాల్చెను. అది అవసరమైన పని కాదు. కాని అప్పటికే ఆతని మనస్సు మారుచుండెను. అటవీ అధికారియైన చాంపియన్ అడవిలో పులుల ఛాయాచిత్రములు తీసి చూపగా, కార్బెట్టునకు ఆ మార్గము నచ్చెను. చలనచిత్రములు తీయు కెమెరా నొకదానిని సంపాదించెను. యంత్రపు చప్పుడునకు పులులు బెదరుచున్నవని చూచి, ఒక సెలయేటికి చిన్న అడ్డుకట్ట వేసి, నీరు పడు ధ్వనిలో కెమెరా ధ్వని కలిసిపోవునట్లు చేసెను. నెలలకొలది కాచుకొని ఒకేచోట పలు పులులను చిత్రించెను. చంపిన పులి చర్మము ఒక్క ఇంటి గోడపైననే యుండును, చిత్రమును ఎందరైనను చూడవచ్చును గదా! బడిపిల్లలను కూడగట్టి ఆతడు అడవిని గూర్చి ఉపన్యసించెడివాడు. ఒక్కొక్క పక్షి కూతను, మృగము కూతను పలికి, తుదకు పులి గర్జనతో ముగించునప్పుడు ముందు వరుసలోని పిల్లలు ఉలికిపడెడివారు.

1936వ సంవత్సరమున రామగంగా నదీతీరపు అడవి భారతదేశమున మొట్టమొదటి జాతీయవనముగా ఏర్పడెను. ఆ రాష్ట్రపు గవర్నరుగా అంతకు ముందు పనిచేసిన హెయిలీ పేరు దానికి పెట్టబడెను. దాని హద్దులను నిర్ణయించుటలో కార్బెట్టు తోడ్పడెను.

1938వ సంవత్సరమున థాక్ అను గ్రామము ఒక ఆడుపులికి భయపడి పూర్తిగా ఖాళీ యయ్యెను. అరువదిమూడేండ్ల వయసున కార్బెట్టు దాని వెంటబడెను. నవంబరు చివర, ప్రొద్దు క్రుంకుచుండగా, ఆతడొక బండప్రక్క నిలిచి మగపులివలె కూసెను. అది జతను వెదకుచుండెను, బదులు పలికెను. కూతకు కూత చెప్పుచు ఆతడు దానిని దగ్గరకు రప్పించి, వెలుతురు పూర్తిగా పోవుటకు ముందు కాల్చెను. దాని శరీరముపై రెండు పాత తుపాకి గాయములుండెను, ఒకటి కుళ్ళియుండెను. ఆతడు చంపిన మనుష్యభక్షకులలో అదియే కడపటిది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆతడు సైనికులకు అడవిలో బ్రదుకు విధమును నేర్పెను. 1944వ సంవత్సరమున ఆతని మొదటి గ్రంథము, కుమాయూన్ నరభక్షకులను గూర్చినది, వెలువడి ఆతని పేరు దేశదేశముల వ్యాపించెను. తరువాత నా భారతదేశము అను అర్థము గల పేరుతో ఒక గ్రంథము వ్రాసి, దానిని ఈ దేశపు పేదలకు అంకితము చేసెను. అందు వేటకథలు తక్కువ. కూలీలు, రైతులు, కాలాఢుంగీ ఇరుగుపొరుగువారు ఎక్కువ.

1947వ సంవత్సరము నవంబరులో కార్బెట్టు, మ్యాగీ భారతదేశమును విడిచి ఆఫ్రికా ఖండమునందలి కెన్యాకు పోయిరి. ముసలితనమున అంత దూరము పోవుట వారికి సులభము కాకపోయి యుండవలెను. ఛోటీ హల్ద్వానీ భూములను ఆతడు అమ్ముకొనలేదు. సాగుచేయు కుటుంబములకే అవి దక్కెను. 1955వ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన న్యేరీ పట్టణమున గుండెపోటుతో ఆతడు మరణించెను.

ఆతని మరణము తరువాత రామగంగా తీరపు జాతీయవనమునకు కార్బెట్టు పేరు పెట్టబడెను. 1968వ సంవత్సరమున ఇండోచైనా ప్రాంతపు పులిజాతికి శాస్త్రజ్ఞులు ఆతని పేరు జోడించిరి. తరిగిపోవుచున్న పులులను కాపాడుటకై భారత ప్రభుత్వము తలపెట్టిన పథకము 1973వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆ వనమునందే ఆరంభమయ్యెను. కాలాఢుంగీలోని ఆతని యిల్లు ప్రదర్శనశాల యయ్యెను. ఛోటీ హల్ద్వానీకి పోవువారికి ఊరివారు కార్పెట్ సాహెబు కట్టించిన రాతిగోడను చూపుదురు. దానికి ఈవల పొలములు, ఆవల అడవి.